ఇంట్లోనే ప్రాణాయామం ఎలా మొదలుపెట్టాలి?

ప్రాణాయామం మొదలుపెట్టిన వారంలోనే నాకు కళ్లు తిరిగాయి. ఫోన్‌లో వీడియో పెట్టుకుని, అందులోని మనిషి వేగాన్ని అందుకోవాలని కపాలభాతి (పొట్టను లోపలికి కొడుతూ గాలిని విసురుగా వదిలే పద్ధతి) దబదబా చేసేశాను. వేళ్ల చివర్లు తిమ్మిరెక్కితే, ఒంట్లో ఏదో శక్తి మేలుకుంటోందని మురిసిపోయాను కూడా. అసలు సంగతేమిటంటే, అవసరానికి మించి గాలి పీల్చి వదిలితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది. ఆ తిమ్మిరి దానివల్లే. అందుకే నిదానంగా చేసేవాటితో మొదలుపెట్టండి.

పొద్దున్నే పరగడుపున చేస్తే మేలు. కుదరకపోతే భోంచేశాక రెండు మూడు గంటలు ఆగండి.

మొదటి వారం: పొట్టతో ఊపిరి

1. చాప మీద వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడవండి. ఒక చెయ్యి ఛాతీ మీద, ఇంకోటి బొడ్డు మీద పెట్టండి.

2. ముక్కుతో మెల్లగా గాలి పీల్చండి. బొడ్డు మీది చెయ్యి పైకి లేవాలి, ఛాతీ మీదిది దాదాపు కదలకూడదు.

చాలామందికి ఇక్కడే తిరగబడుతుంది. గాలి పీల్చమనగానే పొట్ట లోపలికి లాగి భుజాలు ఎగరేస్తాం. బడిలో డ్రిల్లు మాస్టారు నేర్పింది అదే మరి! ఊపిరితిత్తుల కింద గొడుగులా ఉండే డయాఫ్రమ్ అనే కండరం కిందికి దిగితేనే గాలి నిండుగా వస్తుంది. అది దిగితే పొట్ట ఉబ్బక తప్పదు. తేడా తెలియకపోతే బొడ్డు మీద అరకిలో కందిపప్పు ప్యాకెట్ పెట్టుకోండి. అది లేచి దిగడం కంటికే కనిపిస్తుంది. మా ఇంట్లో ఆ ప్యాకెట్ వారం రోజులు వంటింటికి తిరిగి వెళ్లలేదు.

3. ఇప్పుడు లెక్క. మనసులో నాలుగు లెక్కపెడుతూ పీల్చండి, ఆరు లెక్కపెడుతూ వదలండి. అంకెకో సెకను చొప్పున నిమిషానికి ఆరు ఊపిర్లు అవుతాయి. పెద్దవాళ్లు మామూలుగా నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీసుకుంటారు. ఆరు కష్టమైతే మూడు పీల్చి నాలుగు వదలండి. వదిలేది కాస్త ఎక్కువసేపు ఉంటే చాలు. మణికట్టు దగ్గర నాడి పట్టుకుని చూడండి: గాలి వదిలేటప్పుడు గుండె కాస్త నెమ్మదిస్తుంది. కొందరికి అది వేలి కిందే తెలుస్తుంది.

రోజుకు ఐదు నిమిషాలు.

రెండో వారం: నాడీశోధన

సంధ్యావందనంలో తాతగారు ముక్కు పట్టుకోవడం చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. బాసింపట్టు వేసుకుని వెన్ను నిటారుగా కూర్చోండి. మోకాళ్లు సహకరించకపోతే కుర్చీలో కూర్చోవచ్చు. కుడిచేతి చూపుడు వేలు, మధ్య వేలు అరచేతిలోకి మడవండి. బొటనవేలితో కుడి ముక్కు మూసి ఎడమవైపు పీల్చండి. ఉంగరపు వేలితో ఎడమ ముక్కు మూసి కుడివైపు వదలండి. మళ్లీ కుడివైపే పీల్చి ఎడమవైపు వదలండి. ఇది ఒక చుట్టు. ఐదు చుట్లతో మొదలుపెట్టండి. ఎటువైపు అనే తికమక వస్తే ఒకటే గుర్తు: వదిలిన వైపు నుంచే పీల్చాలి.

ముక్కును గట్టిగా నొక్కక్కర్లేదు, వేలు ఆనిస్తే చాలు. ఒకవైపు గాలి తక్కువగా ఆడుతోందని కంగారు పడకండి. రెండు రంధ్రాలూ వంతులవారీగా, కొన్ని గంటలకోసారి ఎక్కువ తక్కువలుగా పనిచేస్తాయి. జలుబుతో నిజంగానే మూసుకుపోతే ఆ రోజుకు మానేసి పొట్ట ఊపిరే చేయండి.

పీల్చడాన్ని పూరకం, బిగబట్టడాన్ని కుంభకం, వదలడాన్ని రేచకం అంటారు. కొత్తవాళ్లు కుంభకం జోలికి పోకుండా ఉండటమే మంచిదని నా అభిప్రాయం. తర్వాతైనా గురువు ఎదుట కూర్చుని నేర్చుకోండి.

బీపీ, గుండె జబ్బు, హెర్నియా ఉన్నవాళ్లు, గర్భిణులు, ఈమధ్యే పొట్ట ఆపరేషన్ అయినవాళ్లు కపాలభాతి, భస్త్రిక (కొలిమి తిత్తిలా జోరుగా పీల్చి వదలడం), ఊపిరి బిగబట్టడం చేయకూడదు. మిగతావి కూడా డాక్టర్‌ని అడిగే మొదలుపెట్టండి. ఉబ్బసం ఉన్నవాళ్లు ప్రాణాయామం చేస్తున్నాం కదా అని ఇన్‌హేలర్ ఆపొద్దు. ఎవరికైనా కళ్లు తిరిగితే వెంటనే ఆపి మామూలుగా ఊపిరి తీసుకోండి.

నలుగురిలో ఉండగా టెన్షన్ వస్తే ముక్కు పట్టుకుని కూర్చోలేం కదా, అక్కడ నాలుగు-ఆరు లెక్కే పనికొస్తుంది. పళ్ల డాక్టరు కుర్చీలో, ఆ మెషీన్ చప్పుడు మొదలవకముందే నేను లెక్క మొదలుపెట్టేస్తాను.