డబ్బా మూత తీసేముందు వేసుకోవాల్సిన లెక్క

మా అబ్బాయి హాస్టల్‌కి వెళ్తూ సగం వాడిన ప్రోటీన్ పౌడర్ డబ్బా ఇంట్లో వదిలేసి వెళ్లాడు. పారేయడమెందుకని రోజూ పొద్దున్నే ఒక స్కూప్ (డబ్బాలోనే వచ్చే కొలత చెంచా) నీళ్లలో కలుపుకుని తాగేశాను. అప్పటికి నా వ్యాయామమంతా సాయంత్రం అరగంట నడక. అది అయిపోయాక ఇంకో డబ్బా కూడా కొన్నాను. మూడు నెలలకు కిలో బరువు పెరిగాను, అదీ నడుము దగ్గరే. ఇరవై ఏళ్లుగా కెమిస్ట్రీ చెబుతున్నదాన్ని, ముడిసరుకు పోసేస్తే చర్య దానంతట అదే జరిగిపోతుందని ఎలా అనుకున్నానో! గ్రాము ప్రోటీన్‌లో 4 కేలరీలుంటాయి. కండకి పని చెప్పకపోతే, ఒంటికి అక్కర్లేనివి కొవ్వుగానే మిగులుతాయి.

రెండోసారి మొదలుపెట్టినప్పుడు రెండు నెలలు పౌడర్ జోలికే వెళ్లలేదు. వారానికి మూడు రోజులు బరువులతో వ్యాయామం చేశాను: స్క్వాట్లు, గోడకి ఆనుకుని పుషప్‌లు, డంబెల్‌ని నడుము దాకా లాగే రోయింగ్. ఒక్కోటి 8 నుంచి 12 సార్లు, అలా మూడు విడతలు. చివరి రెండు సార్లు నిజంగా కష్టమనిపించాలి. 12 సార్లు సులువుగా వచ్చేస్తున్నాయంటే బరువు పెంచే టైమ్ వచ్చినట్టే. రోయింగ్ 4 కిలోలతో మొదలుపెట్టి ఐదు నెలలకు 8 కిలోలకు వచ్చాను. ఏ రోజు ఎంత ఎత్తానో ఒక నోట్‌బుక్‌లో రాసుకునేదాన్ని. రాయకపోతే నెలల తరబడి అదే బరువు ఎత్తుతూ ఉంటాం, ఆ సంగతి మనకే తెలియదు.

ఇక లెక్క. మామూలు మనిషికి రోజుకి, కిలో శరీర బరువుకి 0.8 గ్రాముల ప్రోటీన్ చాలంటారు. కండ పెంచాలని బరువులు ఎత్తేవాళ్లకు 1.6 గ్రాముల దగ్గర పెట్టుకుంటే సరిపోతుంది. నా బరువు 58 కిలోలు, అంటే రోజుకి 93 గ్రాములు. మూడు రోజులు తిన్నదంతా తూకం వేసి రాసుకుంటే సగటున 52 గ్రాములే తేలింది. కొరత 41 గ్రాములు. నేను బాగానే తింటున్నానని గట్టిగా నమ్మిన మనిషిని, ఆ కాగితం చూసి కాసేపు నోట మాట రాలేదు.

ఆ కొరతంతా పౌడర్‌తో నింపక్కర్లేదు. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములు, 200 మిల్లీలీటర్ల పాలలో 6 నుంచి 7, వంద గ్రాముల ఉడికిన పప్పులో 9, అంతే బరువున్న ఉడికిన చికెన్ బ్రెస్ట్‌లో దాదాపు 30 గ్రాములు ఉంటాయి. రోజూ రెండు గుడ్లు, ఒక గ్లాసు పాలు కలిపాను. మిగిలింది 22 గ్రాములు, అంటే ఒక్క స్కూప్. గుడ్లు ఉడికించుకునే తినండి. పచ్చిగా తాగితే ఏదో ఎక్కువ బలమనుకుంటారు గానీ, ఉడికిన గుడ్డులోని ప్రోటీనే బాగా అరుగుతుంది.

ఈ డబ్బాల్లో ఉండే వే ప్రోటీన్ అంటే ఏదో కృత్రిమ పదార్థమని మా స్టాఫ్‌రూమ్‌లో చాలామందికి అనుమానం. పాలు విరిగినప్పుడు ముద్దతో పాటు పలచటి నీళ్లు వస్తాయి కదా, ఆ నీళ్లలో ఉండే ప్రోటీనే అది. దాన్ని వడగట్టి ఆరబెడితే కాన్సంట్రేట్, ఇంకా శుద్ధి చేస్తే ఐసొలేట్. పాలు పడనివాళ్లకు లాక్టోజ్ (పాలలోని చక్కెర) తక్కువుండే ఐసొలేట్ నయం. పాలే వద్దనుకుంటే సోయా, బఠానీ పౌడర్లున్నాయి.

కొనేముందు డబ్బా వెనక్కి తిప్పండి. నా డబ్బా మీద ఒక స్కూప్‌కి, అంటే 33 గ్రాముల పౌడర్‌కి 24 గ్రాముల ప్రోటీన్ అని ఉంది, అంటే దాదాపు 73 శాతం. ఇది సగానికి పడిపోయిందంటే మీరు కొంటున్నది ఎక్కువగా పిండి, చక్కెర. తర్వాత పదార్థాల జాబితా చూడండి, నాకు ఇష్టమైన భాగం ఇదే. ప్రోటీన్ కొలవడానికి 1883లో జోహాన్ కెల్దాల్ కనిపెట్టిన పద్ధతి ఇప్పటికీ వాడుకలో ఉంది. అది కొలిచేది ప్రోటీన్‌ని కాదు, నైట్రోజన్‌ని. దాన్ని 6.25తో గుణించి ప్రోటీన్ అంటారు. నైట్రోజన్ ఉన్నదేది కలిపినా ప్రోటీన్‌లాగే లెక్కకొస్తుంది, ఇక్కడే మోసానికి సందు దొరుకుతుంది. చవకగా దొరికే గ్లైసీన్ అనే అమైనో ఆమ్లం ఒక గ్రాము కలిపితే ఈ లెక్కలో 1.17 గ్రాముల ప్రోటీన్‌గా కనిపిస్తుంది, క్రియాటిన్ అయితే ఏకంగా 2 గ్రాములు! కండ కట్టడానికి అవి ప్రోటీన్‌తో సమానం కావు. అందుకే జాబితాలో గ్లైసీన్, అలాంటిదే అయిన టారిన్ విడిగా కనిపించిన డబ్బాని నేను ముట్టుకోను. బయటి ల్యాబ్‌లో పరీక్ష చేయించిన ముద్ర ఉంటే ఇంకా మంచిది.

స్కూప్‌ని ఒకసారి తూకం వేసి చూడండి. నేను గోపురంలా నింపిన స్కూప్ 33 కాదు, 41 గ్రాములు తూగింది.

వ్యాయామం అయిన అరగంటలోపే తాగాలని టెన్షన్ పడక్కర్లేదు. రోజు మొత్తం లెక్క ముఖ్యం. దాన్ని మూడు నాలుగు పూటలకు, పూటకి 20 నుంచి 30 గ్రాములు వచ్చేలా పంచుకోండి. నాకు పొద్దున టిఫిన్‌లో ప్రోటీన్ తక్కువ కాబట్టి స్కూప్ అప్పుడే. మరిగే నీళ్లలో వేయకండి, ఉండలు కడుతుంది. షేకర్‌ని తాగిన వెంటనే కడగండి. ఒకసారి బ్యాగులో రెండు రోజులు మర్చిపోయాను, మూత తీశాక ఆ వాసనకి షేకర్‌నే పారేయాల్సి వచ్చింది.

కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్‌ని అడగకుండా ఇదేదీ మొదలుపెట్టొద్దు. షుగర్, బీపీ ఉంటే ముందు కిడ్నీ పరీక్ష చేయించుకోండి, వాటివల్ల కిడ్నీలు దెబ్బతిన్నా చాలాకాలం బయటపడదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు పైన చెప్పిన మోతాదుతో భయం లేదు, నీళ్లు తాగుతూ ఉంటే చాలు.

నోట్‌బుక్‌లో బరువుల పక్కనే స్కూప్‌కి ఒక గడి గీసుకున్నాను. నెలలో ఆరేడు రోజులు అది ఖాళీగానే ఉంటుంది. ఆ రోజుల్లో ఇంట్లో చికెన్ వండి ఉంటాం.