గోనెసంచిలో ఆకుకూరలు: నైరోబీ కిబెరా పద్ధతి, మట్టి నుంచి గిన్నె దాకా

కెన్యా రాజధాని నైరోబీలోని కిబెరాలో ఇంటి ముందు నాలుగడుగుల జాగా మిగిలితే అదే గొప్ప. రేకుల ఇళ్లు, వాటి మధ్య మురుగు కాలవ, కాలవ గట్టునే నడక దారి. 2007 ఎన్నికల తర్వాత రేగిన అల్లర్లు సద్దుమణిగాక, 2008లో ఒక ఫ్రెంచి సహాయ సంస్థ ఇక్కడ సంచి తోటల్ని పెద్ద ఎత్తున పెట్టించింది. సంచిని స్వాహిలీలో గునియా అంటారు. దాన్ని నిలబెట్టి మట్టితో నింపి, పక్కల చిల్లులు పెట్టి నాటితే, ఒక్క సంచిలో ముప్పై నలభై మొక్కలు పడతాయి.

సంచి కట్టడం పెద్ద విద్యేమీ కాదు. అందులో పెరిగిన కూర తిన్నవాళ్లకు విరేచనాలు, ఏలికపాములు పట్టకుండా చూడటమే అసలు పని. కూర అనగానే అందరికీ పురుగుమందు భయమే ముందు. ఇలాంటి బస్తీలో అంతకన్నా ముందు అడగాల్సినవి మూడు: మట్టి ఎక్కడిది, నీళ్లు ఎక్కడివి, ఆ నీళ్లు ఎక్కడ పోస్తున్నాం.

మట్టి, ఎరువు

కాలవ పక్క మట్టి నల్లగా, సారంగా కనిపిస్తుంది. అది ముట్టుకోవద్దు. మరుగుదొడ్డి లేనివాళ్లు పాలిథిన్ సంచిలో పని కానిచ్చి బయటికి విసరడం ఇక్కడ ఎంత మామూలంటే, దానికి ‘ఎగిరే మరుగుదొడ్డి’ అని పేరే వచ్చింది. ఏలికపాముల గుడ్లు మట్టిలో పడితే ఏళ్ల తరబడి బతకగలవు. పెద్ద రోడ్డు పక్కదీ, పాత బ్యాటరీలు విప్పే షెడ్ల దగ్గరదీ కూడా వద్దు. సీసం కలిపిన పెట్రోలు అమ్మకం కెన్యాలో 2006 నాటికి ఆగిపోయింది గానీ, అంతకు ముందు రోడ్డు పక్కన చేరిన సీసం మట్టిలోనే ఉంటుంది. ఉడికిస్తే క్రిములు చస్తాయి, సీసం చావదు.

మూడు పాళ్ల మట్టికి ఒక పాలు మాగిన ఎరువు. మట్టి జిగటగా ఉంటే అరపాలు ఇసుక. పచ్చి పేడ, కోళ్ల పెంట నేరుగా కలపకూడదు. తినే భాగం మట్టికి తగిలే పంటకు పచ్చి పశువుల ఎరువు వేస్తే కోతకు 120 రోజుల ఎడం ఉండాలన్నది అమెరికా సేంద్రియ సాగు నియమం. తోటకూర నాలుగైదు వారాల్లోనే కోతకొస్తుంది, ఇక లెక్క ఎలా కుదురుతుంది? కాబట్టి ఎరువును మీటరు ఎత్తు కుప్ప పోసి, లోపల 55 డిగ్రీల సెల్సియస్‌కు తగ్గకుండా 15 రోజులు ఉంచి, ఈలోపు కనీసం 5 సార్లు తిరగెయ్యాలి. థర్మామీటరు లేకపోతే ఇనుప చువ్వ గుచ్చి పది నిమిషాల తర్వాత లాగి పట్టుకోండి. చేతికి చురుక్కుమని వెంటనే వదిలెయ్యాలనిపించాలి. గోరువెచ్చగా ఉంటే అది ఉడకలేదు, కుళ్లుతోంది అంతే.

సంచి కట్టడం

90 కిలోలు పట్టే ప్లాస్టిక్ మొక్కజొన్న సంచి తీసుకోండి. రసాయన ఎరువో, మందు పట్టించిన విత్తనాలో ఉన్న సంచి ఎంత ఉతికినా పనికిరాదు. అడుగున ఇటుకలు పేర్చి, వాటి మీద సంచి నిలబెట్టండి.

ఇప్పుడు వంటనూనె డబ్బా ఒకటి, జానెడు వెడల్పుది, రెండు వైపులా మూతలు కోసేసి గొట్టంలా చెయ్యాలి. దాన్ని సంచి నడిమధ్య పెట్టి లోపల నిమ్మకాయంత రాళ్లు నింపండి. చుట్టూ మట్టి పోసి చేత్తో అదమండి. డబ్బాను పైకి లాగండి, రాళ్లు స్తంభంలా నిలబడిపోతాయి. మళ్లీ రాళ్లు, మళ్లీ మట్టి, మళ్లీ లాగడం. ఇలా పై అంచు దాకా. రాళ్లు ముందే కడిగి ఉండాలి, కంకర పొడి కలిస్తే నెల తిరక్కుండానే స్తంభం పూడుకుపోతుంది. అప్పుడు పైన పోసిన నీళ్లు పైనే నిలిచి, కింది వరస మొక్కలు ఎండుతాయి. కొత్తవాళ్ల సంచులు పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే.

రెండు రోజులు కొద్దికొద్దిగా తడపండి, మట్టి కుంగుతుంది. కుంగాక పక్కల జానెడు ఎడంగా, వరస తప్పించి, రెండు వేళ్లు పట్టేంత చిల్లులు కొయ్యండి. ముందే కోస్తే మట్టంతా కారిపోతుంది.

ఏం నాటాలి

పక్క చిల్లుల్లో సుకుమా వికి. క్యాబేజీ జాతిదే, కాకపోతే గడ్డ కట్టదు. పేరుకు ‘వారం నెట్టు’ అని అర్థం: జీతం డబ్బులు అయిపోయాక వారం గడిపించే కూర. నారు నాలుగాకులు వేశాక నాటాలి. మిగతావి మనకు చిన్నప్పటి నుంచి తెలిసినవే. తెరెరె మన తోటకూర. సాగా మన వామింట, కొందరు వాయింట అంటారు. కుండె అలసంద ఆకు. మనాగు మన కామంచికి దగ్గర చుట్టం. మన దగ్గర గట్టున కలుపు కింద పీకేసే వామింట కెన్యాలో సంతలో కట్టలు కట్టి అమ్మే సరుకు. దానికి తల్లివేరు లోతుగా దిగుతుంది, పీకి నాటితే కోలుకోదు. సంచి పైభాగాన విత్తనమే చల్లాలి. సన్న విత్తనం కాబట్టి పది రెట్లు ఇసుకలో కలిపి చల్లండి. అప్పుడే రాలిన విత్తనం మొలవడానికి మొండికేస్తుంది, కొన్ని నెలలు నిలవ చేసింది వాడండి.

నీళ్లు

నీళ్లు రాళ్ల మీద పొయ్యాలి, ఆకుల మీద కాదు. ఈ ఒక్క అలవాటుతో సగం జబ్బు పోతుంది. పైనుంచి చల్లితే నీటిలోని మురికి ఆకు మీద, చిందిన మట్టి ఆకు అడుగున అంటుకుంటాయి. రోజుకు 5 లీటర్లతో మొదలుపెట్టి, అన్నిటికన్నా కింది చిల్లులో వేలు పెట్టి చూడండి. తడి తగిలితే చాలు. నీళ్లు కారుతుంటే తగ్గించండి. కూర కడిగిన నీళ్లు, బియ్యం కడిగిన నీళ్లు పొయ్యొచ్చు. పిల్లల గుడ్డలు ఉతికినవి, సబ్బు నీళ్లు వద్దు.

పైన విత్తనం చల్లిన చోట తడపక తప్పదు. అక్కడ జల్లు మూతి ఉన్న డబ్బాను బాగా కిందికి, మట్టికి అర మీటరు లోపే పట్టుకోండి. ఘనాలో అక్రా, కుమాసి నగరాల లెట్యూస్ (పచ్చిగా తినే ఆకు) తోటల్లో చిందడం తగ్గించడానికి చెప్పే ఉపాయం ఇదే. కోతకు రెండు రోజుల ముందు ఆ పైతడి కూడా ఆపండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006 మార్గదర్శకాల ప్రకారం, ఆఖరి తడికీ కోతకీ మధ్య గడిచే ఒక్కో రోజుకు క్రిములు అర లాగ్ నుంచి రెండు లాగ్‌ల దాకా తగ్గుతాయి. ఒక లాగ్ అంటే పదింట తొమ్మిది చచ్చినట్టు. ఎండ బాగా కాస్తే ఎక్కువ, ముసురు పడితే తక్కువ.

పేనుబంక

సుకుమా వికి లేత ఆకుల అడుగున బూడిద రంగులో పేనుబంక పడుతుంది. ముప్పై మొక్కలే కదా, వేలితో నలిపెయ్యండి. మిగిలితే వేప గింజల కషాయం. ఇక్కడ వేపను మువారోబైని అంటారు, నలభై రోగాలకు మందనే నమ్మకంతో పుట్టిన పేరు. లీటరు నీటికి 50 గ్రాముల గింజ పప్పు దంచి, రాత్రంతా నానబెట్టి వడగట్టి, సాయంత్రం చల్లాలి. పేరు లేని చిన్న సీసాల్లో విడిగా అమ్మే పురుగుమందు మాత్రం కొనకండి. మందు కొట్టాక ఎన్ని రోజులకు కొయ్యాలో దాని మీద రాసి ఉండదు, వారం వారం కోసే కూరకు ఆ లెక్క తెలియకుండా ఎలా?

కోత, కడగడం, వండటం

పొద్దున్నే కొయ్యండి. సుకుమా వికికి కింది ఆకులు తుంచి పైన నాలుగైదు ఉంచాలి. వామింటకు పూమొగ్గ కనబడగానే గిల్లేస్తే ఆకు ఇంకొన్ని వారాలు వస్తుంది. మనాగుకు ఆకే కొయ్యండి, పచ్చి కాయలు కలవనివ్వకండి, వాటిలో విషపదార్థం ఉంటుంది.

ఆకు నిండుగా ఉండగానే కడిగి, ఆ తర్వాత తరగాలి. మామా మ్బోగా, అంటే కూరలమ్మే ఆవిడ, సన్నగా తరిగి ఇస్తుంటే సుఖంగానే ఉంటుంది. కానీ తరిగాక కడిగితే సి విటమిన్ నీళ్లలో పోతుంది, కడక్కపోతే మట్టి కడుపులోకి పోతుంది. బ్లీచింగ్ ద్రవం ఉడికించే కూరకు దండగ. పచ్చిగా తినే కొత్తిమీర, కచుంబరిలో (ఉల్లి, టమాటా పచ్చి ముక్కల సలాడ్) వేసే టమాటా లాంటివాటికే కావాలి: ముందు మట్టి పోయేలా కడిగి, 10 లీటర్ల నీటిలో వాసన కలపని 3.5 శాతం బ్లీచింగ్ ద్రవం ఒక పెద్ద చెంచా, అంటే 15 మిల్లీలీటర్లు, కలిపి 5 నిమిషాలు ఉంచి, తాగే నీటితో మళ్లీ కడగాలి. మట్టి ఉండగానే ముంచితే మందు మట్టికే సరిపోతుంది.

మనాగు, వామింట చేదు అని ఉడికించిన నీళ్లు పారబోస్తారు, దాంతో ఫోలేటు అనే బి విటమిన్ కూడా పోతుంది. కొద్ది నీళ్లలో మూత పెట్టి మెత్తబడే దాకా ఉంచి, చివర్లో పాలు పోస్తే చేదు తగ్గుతుంది. పశ్చిమ కెన్యాలో అదే వాడుక. అక్కడే చిక్కుడు పొట్టు బూడిద వడకట్టిన క్షారం వేసి మెత్తబరుస్తారు. రుచి బాగుంటుంది గానీ బి1, సి విటమిన్లు దెబ్బతింటాయి, రోజూ వెయ్యకపోవడం మేలు. మనిషికి ఒక చెంచా నూనె తప్పక పడాలి, ఎ విటమిన్‌గా మారే పదార్థం కొవ్వుతోనే ఒంటబడుతుంది. దించాక నిమ్మరసం పిండితే ఇనుము బాగా ఒంటికి పడుతుంది. వెంటనే చాయ్ తాగితే ఆ మేలు పోతుంది, గంట ఆగండి.

ఎండకు ప్లాస్టిక్ సంచి ఏడాది రెండేళ్లలో పొడిపొడిగా చిట్లుతుంది. చిట్లకముందే మట్టిని కొత్త సంచిలోకి మార్చండి, ప్లాస్టిక్ పోగులు మట్టిలో కలిశాక ఏరడం ఎవరి తరమూ కాదు. పాత మట్టికి నాలుగో వంతు కొత్త ఎరువు చేర్చి, రాళ్లు మళ్లీ కడిగి వాడుకోవచ్చు.