దగ్గితే మూత్రం పడడం నాకెలా తగ్గిందంటే

రెండో కాన్పు తర్వాత దగ్గినా, తుమ్మినా, నీళ్ల బకెట్ ఎత్తినా మూత్రం చుక్కలు పడేవి. దానికి తోడు పొత్తికడుపు కింద ఒకటే లాగుడు నొప్పి. "పిల్లలు పుట్టాక అందరికీ ఇంతేనమ్మా" అన్నారు మా అత్తయ్య. చాలామందికి ఉంటుంది, నిజమే. భరించాల్సిన అవసరం మాత్రం లేదు.

గైనకాలజిస్టు మూత్ర పరీక్ష చేయించి, ఇన్ఫెక్షన్ లేదని తేలాక ఫిజియోథెరపీకి పంపారు. ఫిజియోథెరపిస్టు నా అనుమతి అడిగి, గ్లవ్స్ వేసుకుని, మూత్రాశయాన్ని కింద నుంచి మోసే లోపలి కండరాలను (పెల్విక్ ఫ్లోర్) పరీక్షించారు. అవి బలహీనపడడమే కాదు, బిగుసుకుపోయి కూడా ఉన్నాయట.

ఇది ముఖ్యం. 1948లో అమెరికా డాక్టర్ ఆర్నాల్డ్ కెగెల్ వెలుగులోకి తెచ్చిన బిగింపు వ్యాయామాలనే అందరూ చెబుతారు. కానీ బిగుసుకున్న కండరాన్ని ఇంకా బిగిస్తే నొప్పి పెరగొచ్చు. అందుకే ముందు వదులు చేయించారు: వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, పొట్ట పైకి లేచేలా నెమ్మదిగా గాలి పీలుస్తూ కింది కండరాలను వదిలేయడం. నా నొప్పి దీనితోనే తగ్గింది.

తర్వాత బిగింపులు. గ్యాస్ ఆపుకుంటున్నట్టు లోపలికి, పైకి లాగి, కొన్ని సెకన్లు పట్టి, పూర్తిగా వదలాలి. ఊపిరి బిగపట్టకూడదు, పిరుదులు, తొడలు బిగించకూడదు. ఒక్కోసారి 8 చొప్పున రోజుకు 3 సార్లు, కనీసం 3 నెలలు. దగ్గు రాబోతోందనగానే ముందే బిగించడం నేర్చుకున్నాక చుక్కలు పడడం ఆగింది.

మూత్రంలో రక్తం, జ్వరం, తొడల మధ్య తిమ్మిరి ఉంటే మాత్రం వెంటనే డాక్టరుకు చూపించండి.