వానాకాలానికి ముందు అంబులెన్స్ స్ట్రెచర్: ఏ సామగ్రి కొనాలి, ఏది అక్కరలేదు

మృగశిర కార్తె రాకముందే టైర్లు, వైపర్లు, బ్రేకులు చూపించుకోవడం అంబులెన్స్ యజమానులందరికీ అలవాటే. రోగి పడుకునే స్ట్రెచర్‌ను, దానికి తగిలించే సామగ్రిని అంతే శ్రద్ధగా చూసేవారు తక్కువ. వానల్లో రోడ్డు జారుతుంది, గుంతలు నీటి కింద కనబడవు, ఉన్నట్టుండి బ్రేకు వేయవలసి వస్తుంది; ఆ కుదుపంతా పడేది పడుకున్న మనిషి మీదనే. ఈ సూచనలు ప్రైవేటు అంబులెన్సులు నడిపేవారికి, ట్రస్టుల తరఫున ఒకటి రెండు వాహనాలు చూసుకునేవారికి ఉద్దేశించినవి.

మొదటి ఖర్చు బెల్టుల మీదే పెట్టాలి. ఛాతీకి ఒకటి, మోకాళ్లకు ఒకటి ఉంటే చాలని చాలామంది సరిపెట్టుకుంటారు. రోగి తల సాధారణంగా డ్రైవరు వైపు ఉంటుంది కనుక గట్టిగా బ్రేకు పడినప్పుడు శరీరం తలవైపుకు జారుతుంది, అడ్డంగా కట్టిన బెల్టులు ఆ జారుడును పూర్తిగా ఆపలేవు. భుజాల మీదుగా వచ్చి ఛాతీ బెల్టుతో కలిసే పట్టీలు ఉన్న సెట్టునే తీసుకోవాలి, నడుముకు కూడా విడిగా బెల్టు ఉండాలి. వెల్క్రో పట్టీలు బురద, నూలు పోగులు పట్టి కొన్నాళ్లకే పట్టు కోల్పోతాయి కాబట్టి లోహపు బకిల్ మేలు. పైన ప్లాస్టిక్ పూత ఉన్న బెల్టు కాస్త ఖరీదైనా తడి పీల్చదు, రక్తం అంటినా తుడిస్తే పోతుంది. గుడ్డ బెల్టులే వాడేవారు రెండో సెట్టు తప్పక ఉంచుకోవాలి, ఎందుకంటే ముసురు పట్టిన రోజుల్లో ఉతికినవి ఆరవు.

పరుపు విషయంలో మందం కంటే కుట్లు ముఖ్యం. సూదితో కుట్టిన రెగ్జిన్ తొడుగు కొత్తలో బాగానే ఉంటుంది గాని, ప్రతి కుట్టు రంధ్రం గుండా తడి లోపలి స్పాంజిలోకి దిగుతుంది, అక్కడ చేరిన దానిని ఏ మందుతోనూ శుభ్రం చేయలేము. అంచులను వేడితో అతికించిన తొడుగునే అడిగి తీసుకోండి. రక్తం పడినచోట ఒక శాతం హైపోక్లోరైట్ (బ్లీచ్) ద్రావణం పోసి పది నిమిషాలు ఉంచి తుడవడం మంచి పద్ధతి. ఆ తర్వాత మంచినీటితో మరోసారి తుడవకపోతే స్ట్రెచర్ చట్రం, బకిళ్లు తుప్పు పడతాయి.

ఆక్సిజన్ సిలిండర్‌ను రోగి కాళ్ల మధ్య పడుకోబెట్టి తీసుకువెళ్లడం మన దగ్గర రోజూ కనిపించే దృశ్యమే, కానీ కుదుపుకు అది రోగి మీదికే దూసుకువస్తుంది. స్ట్రెచర్ చట్రానికి బిగించే హోల్డరు కొనండి, అది మీ సిలిండర్ చుట్టుకొలతకు సరిపోతుందో లేదో సిలిండర్‌ను వెంట తీసుకువెళ్లి చూసుకోండి. బీ టైపు సిలిండర్ నిండుగా ఉంటే సుమారు 1500 లీటర్ల వాయువు ఉంటుంది. నిమిషానికి 10 లీటర్ల చొప్పున ఇస్తే లెక్క ప్రకారం 150 నిమిషాలు వస్తుంది, నిల్వ కోసం కొంత మినహాయిస్తే రెండు గంటలే అనుకోవాలి. వాగు పొంగి చుట్టుదారిన వెళ్లవలసి వచ్చినప్పుడు ఈ లెక్క ప్రాణాలతో ముడిపడుతుంది. రెగ్యులేటర్ మర బిగుసుకుందని నూనె గాని గ్రీజు గాని ఎన్నడూ రాయకూడదు, అధిక పీడనంలోని ఆక్సిజన్ తగిలితే అవి మండుకుంటాయి.

సెలైన్ స్టాండు మడిచేది, లాక్ పడేది అయి ఉండాలి. వాహనం లోపల పైకప్పు కొక్కెమే నయం. తలుపు దాటించేటప్పుడు సీసాను రోగి పక్కన పడేస్తే సూది పెట్టిన చోట నుంచి రక్తం గొట్టంలోకి వెనక్కు వస్తుంది, ఎవరో ఒకరు దానిని పైకెత్తి పట్టుకోవాలి.

పసిపిల్లలను తల్లి ఒడిలో కూర్చోబెట్టి ఇద్దరికీ కలిపి బెల్టు వేయడం ప్రమాదకరం. పిల్లల కొలతకు తగిన పట్టీల సెట్టు విడిగా దొరుకుతుంది. నెలలు నిండిన గర్భిణిని ఎడమ వైపుకు ఒత్తిగిలి పడుకోబెట్టడానికి గట్టి వాలుదిండు ఒకటి ఉంచండి. వాన తడవకుండా కప్పే కవరు ముఖాన్ని మూయకూడదు, కప్పాక కూడా బెల్టు బకిళ్లు చేతికి అందాలి.

పాడేరు వంటి ఏజెన్సీ ప్రాంతాలకు వెళ్లే వాహనాలకు చక్రాల స్ట్రెచర్ ఒక్కటే సరిపోదు. వాహనం ఆగిన చోటు నుంచి ఊరు ఎంతో దూరం, అక్కడి నుంచి నేటికీ రోగులను డోలీల్లో మోసుకువస్తున్నారు. నాలుగు వైపులా పిడులు, లోపల బెల్టులు ఉండి మడిచి పెట్టుకోగల గుడ్డ స్ట్రెచర్ అక్కడ ఎంతో ఉపయోగపడుతుంది.

ఇక మానిటర్ తట్టలు, సంచులు, అదనపు కొక్కేలు దుకాణంలో ముచ్చటగా కనిపిస్తాయి. స్ట్రెచర్ మీద అతికించిన బరువు పరిమితిలో రోగితో పాటు ఇవి కూడా లెక్కకు వస్తాయి, పైభాగంలో బరువు పెరిగేకొద్దీ ఎగుడుదిగుడు నేల మీద పక్కకు ఒరిగే ప్రమాదమూ పెరుగుతుంది. నెలలో ఒక్కసారైనా వాడనిది తగిలించకండి.

డబ్బు చెల్లించేముందు మీ డ్రైవరును స్ట్రెచర్ మీద పడుకోబెట్టి, చేతులు తడుపుకుని, గ్లౌజులు వేసుకుని బెల్టులన్నీ పెట్టి తీసి చూడండి. తడి చేతికి ఊడని బకిల్ ఎంత చవకగా ఇచ్చినా వద్దని చెప్పి వచ్చేయండి.