పాముల పిచ్చి ఉందా? చెయ్యి పెట్టకుండా చూడటం ఇలా నేర్చుకోండి

పదో తరగతి పరీక్షలయ్యాక, వేసవి సెలవుల చివర్లో, మా కళ్లంలో గడ్డివాము పక్కన కొండచిలువ పిల్ల దొరికిందని తెగ సంబరపడిపోయాను. జానెడు కంటే కాస్త పొడవు, బొద్దుగా ఉంది, ఒంటి నిండా ముదురు మచ్చలు. తోక పట్టుకుందామని వంగాను. బుస్సుమంది. అంత చిన్నదానికి అంత చప్పుడేంటా అనుకునేలోపు మావయ్య వెనక నుంచి చొక్కా పట్టి లాగేసి, "ఏటి గుంటడా, సచ్చిపోదామనా? పొడపాము రా అది!" అన్నాడు. పొడపాము అంటే రక్తపింజర. అది గుడ్లు పెట్టదు, నేరుగా పిల్లల్ని కంటుంది, ఆ పిల్లకి పుట్టిన రోజు నుంచే విషం ఉంటుంది. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి.

శ్రీకాకుళం, విజయనగరం వైపు పాముల మీద మోజున్న కుర్రాళ్లకి కొదవలేదు. కాకపోతే అందరూ పట్టుకోవడంతోనే మొదలుపెడతారు, రీల్ కోసం తోక పట్టి వేలాడదీస్తారు. నా మాట వింటే తిరగేసి మొదలుపెట్టండి. ముందు కళ్లు, పుస్తకం, ఫోన్. పట్టుకోవడం అటవీశాఖ అనుమతి, శిక్షణ ఉన్నవాళ్ల పని.

1. ఊరి పేర్లు పోగుచెయ్యండి

పెద్దవాళ్ల దగ్గర కూర్చుని ఏ పాముని ఏమంటారో రాసుకోండి. ఒకే పాముకి ఊరికో పేరుంటుంది, ఒకే పేరుతో రెండు పాములూ ఉంటాయి, అందుకే పేరు పక్కన పోలికలు కూడా రాయాలి. ఇది కొత్త పద్ధతేం కాదు. 1780ల్లో విశాఖపట్నంలో ఉన్న పాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లాండ్ డాక్టరు కూడా ఇదే పని చేశాడు. తీరం పొడవునా పాముల్ని తెప్పించుకుని, బొమ్మలు గీయించి, తెలుగు పేర్లతో సహా 1796లో అచ్చువేశాడు. రక్తపింజరకి ఆయన రాసుకున్న పేరు 'కాటుక రేకుల పొడ'. మా మావయ్య నోట వచ్చిన పొడ అదే! తర్వాత ఆ పాముకి రస్సెల్ పేరే పెట్టారు. కట్లపాముల జాతికి ఉన్న బంగారస్ అనే శాస్త్రీయ నామం కూడా మన తెలుగు 'బంగారు' నుంచి పోయిందే.

2. జంటలుగా నేర్చుకోండి

అన్ని పాములూ ఒకేసారి బుర్రకెక్కవు. ఒకదాన్ని చూసి ఇంకొకటి అని పొరబడే జంటలు తీసుకుంటే త్వరగా పట్టుబడుతుంది. ముందు ఈ మూడు చాలు.

జెర్రిగొడ్డు, నాగుపాము. పడగ విప్పితేనే నాగు అనుకుంటే ఇబ్బందే, పారిపోతున్న నాగు పడగ విప్పదు. జెర్రిగొడ్డుకి కళ్లు పెద్దవి, మెడ సన్నం, పెదవుల మీద పెన్నుతో గీసినట్టు నల్లటి నిలువు గీతలుంటాయి. విషం లేదు. తోకతో కొడితే ఒళ్లు కుళ్లిపోతుందనేది వట్టి మాట. ఇంకో మాట, పొలం గట్టు మీద రెండు పాములు పెనవేసుకుని పైకి లేస్తుంటే నాగుపాము, జెర్రిగొడ్డు సయ్యాట అని కొత్త తుండుగుడ్డ వేస్తారు చూడండి, అవి చాలాసార్లు రెండు మగ జెర్రిగొడ్లు, బలం తేల్చుకుంటున్నాయి. కుస్తీ అన్నమాట. తుండు వేయకుండా దూరంగా నిలబడి చూస్తే చాలాసేపు ఆడతాయి.

కట్లపాము, వుల్ఫ్ స్నేక్. ఈ రెండోదానికి మా వైపు సరైన పేరు నాకు దొరకలేదు, కట్లపాము అనే కొట్టేస్తారు. రెండింటికీ నల్లటి లేదా గోధుమరంగు ఒంటి మీద తెల్ల కట్లు. తేడా ఎక్కడంటే, వుల్ఫ్ స్నేక్‌కి కట్లు మెడ దగ్గర స్పష్టంగా మొదలై తోక వైపు పోయేకొద్దీ మాసిపోతాయి. కట్లపాముకి సరిగ్గా దీనికి తిరగేసి, తల దగ్గర పలచగా ఉండి తోక వైపు తేరుతాయి, చాలావరకు రెండేసి గీతలు జతగా ఉంటాయి. ఫొటో జూమ్ చేస్తే కట్లపాము వెన్ను మధ్యలో వరసగా పెద్ద పెద్ద ఆరుపలకల పొలుసులు కనిపిస్తాయి. ఒక రాత్రి కరెంటు పోయినప్పుడు మా అరుగు మీద ఒకటి పాకింది, టార్చి వెలుగులో ఆ పొలుసులు నూనె రాసినట్టు మెరిశాయి. గోడ వారనే, తొందర లేకుండా, అరుగు చివర ఉన్న కన్నంలోకి దిగిపోయింది. అందం అంటే అదే. కానీ అదే అరుగు మీద ఆ ముందు రాత్రి మేము చాప వేసుకుని పడుకున్నాం!

పింజర, కొండచిలువ. నా తప్పు ఇక్కడే. పింజర వీపు మీద గొలుసులా మూడు వరసల్లో అంచుగీసిన గుండ్రటి మచ్చలు, వరసగా. కొండచిలువ మచ్చలు పెద్దవి, ఒక ఆకారం అంటూ ఉండవు, తెగిన మేఘాల్లా ఉంటాయి. కుక్కర్ ఆవిరి వదిలినట్టు చప్పుడు వినిపిస్తే ఇంక మచ్చలు లెక్కపెట్టకండి, వెనక్కి రండి.

ఈ పట్టికలోకి రాని పెద్దాయన గిరినాగు, అదే కింగ్ కోబ్రా. తూర్పు కనుమల అంచు ఊళ్లలో కనిపిస్తాడు, తిండి ఎక్కువగా మిగతా పాములే, ఆకులు పోగేసి గూడు కట్టి గుడ్లు పెట్టే పాము ఇదొక్కటే. కనిపిస్తే ఫొటో కూడా వద్దు, అటవీశాఖకి ఫోన్ చెయ్యండి.

3. ఎక్కడ, ఎప్పుడు చూడాలి

ఎలుకలున్న చోట పాములుంటాయి, అంతకంటే రహస్యం లేదు. వరి కోతలప్పుడు పనలెత్తే వాళ్ల వెనక నడవండి, పింజరలు, జెర్రిగొడ్లు ఎక్కువగా కనిపించేది అప్పుడే. ఉద్దానం వైపైతే కొబ్బరి డొక్కల పోగులు, జీడితోటల్లో ఎండుటాకుల గుట్టలు. చెరువు గట్టున నీరుకట్టెలు పగలే దొరుకుతాయి, కొత్తవాళ్లకి మంచి పాఠం అవి. పుట్టల దగ్గర కాపలా కాయకండి, పుట్ట కట్టేది చెదలు, పాము అందులో అద్దెకి దిగుతుంది అంతే. నాగుల చవితికి మనం పోసే పాలు కూడా అది తాగదు.

కాలికి బూట్లు, చేతిలో మంచి టార్చి, పక్కన ఒక మనిషి. ఒంటరిగా రాత్రి వెళ్లొద్దు. పాముకి పది అడుగుల దూరం తగ్గకుండా ఉండండి, జూమ్ అందుకే ఉంది. తల పక్క నుంచి ఒకటి, వీపు మొత్తం కనిపించేలా ఒకటి, తోక ఒకటి, మూడు ఫొటోలు చాలు. వాటిని ఐనాచురలిస్ట్ అనే యాప్‌లో పెడితే తెలిసినవాళ్లు పేరు సరిచూస్తారు. విషప్పాములు, గిరినాగులు ఉన్న సరిగ్గా ఆ చోటుని అందరికీ కనబడేలా పెట్టకండి, పట్టి అమ్ముకునేవాళ్లు కూడా ఫోన్లు చూస్తారు. రెండుతలల పాముకి లక్షలొస్తాయని తిరిగే బ్యాచ్ గురించి మీకు తెలిసే ఉంటుంది. దానికి రెండు తలలు లేవు, ఆ లక్షలు కూడా ఎవరికీ రావు, కేసు మాత్రం వస్తుంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 నుంచి ఉంది, ఇంట్లో పాముని పెంచుకోవడం, చంపడం రెండూ దాని కిందకే వస్తాయి.

4. ఇంట్లోకి దూరితే

పిల్లల్ని బయటికి పంపి, ఆ గది తలుపు మూసి, కింద సందులో గుడ్డ కుక్కండి. ఒకళ్లు కిటికీలోంచో, దూరంగా నిలబడో అది ఎటు పోతోందో చూస్తూ ఉండాలి, ఇదే అసలు పని, చాలామంది అరుస్తూ అందరూ బయటికి పరిగెత్తేసి తర్వాత ఇల్లంతా వెతుకుతారు. ఫినాయిల్, కిరోసిన్ పోయకండి. పాము బెదిరి ఇంకా లోపలికి దూరుతుంది. పట్టేవాళ్ల నంబరు, అటవీశాఖ రేంజ్ ఆఫీసు నంబరు ముందే ఫోన్‌లో ఉండాలి, పాముని చూశాక వెతికితే టెన్షన్‌లో వేళ్లు పనిచెయ్యవు.

5. కాటు పడితే

దేశంలో 2000 నుంచి 2019 వరకు పాముకాటుతో సుమారు 12 లక్షల మంది పోయారని అంచనా. చాలామంది పల్లెటూళ్లవాళ్లే.

కట్టు బిగించొద్దు, కొయ్యొద్దు, నోటితో పీల్చొద్దు. ఉంగరాలు, పట్టీలు, గాజులు తీసెయ్యండి, వాపు వస్తే కోసుకుపోతాయి. కరిచిన కాలో చెయ్యో కదలకుండా కర్ర పెట్టి గుడ్డతో వదులుగా కట్టి, మనిషిని నడిపించకుండా 108 ఎక్కించండి. మంత్రం వేసేవాడి దగ్గర ఒక గంట పోయిందంటే ఆ గంట తిరిగి రాదు. పాముని చంపి సంచిలో తేవక్కర్లేదు, డాక్టర్లు లక్షణాలు చూసి, రక్తం 20 నిమిషాల్లో గడ్డకడుతుందా లేదా చూసి మందు మొదలుపెడతారు. ఆ మందు, యాంటీ స్నేక్ వెనమ్, నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర నాలుగింటికీ కలిపి చేసినది. మీ ఊరికి దగ్గరలో అది ఏ ఆసుపత్రిలో ఉంటుందో ఈ రోజే అడిగి పెట్టుకోండి.

కట్లపాము సంగతి వేరు. కాటు దాదాపు నొప్పి ఉండదు, గుర్తు కూడా కనబడకపోవచ్చు. రాత్రి నేల మీద పడుకున్న మనిషికి తెల్లారేసరికి కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం కనిపిస్తే గ్యాస్ అనుకుని సోడా తాగించకండి, ఆసుపత్రికి పరిగెత్తండి. నేల మీద పడుకోక తప్పకపోతే దోమతెర కట్టి అంచులు చాప కిందకి దోపండి. మేము ఇప్పుడు అలాగే చేస్తున్నాం.

6. పాములంటే ఇంట్లో ఒప్పుకోకపోతే

తాబేళ్లతో మొదలుపెట్టండి, అమ్మలు కూడా వద్దనరు. శ్రీకూర్మం గుడికి వెళ్తే నక్షత్ర తాబేళ్లని దగ్గర నుంచి చూడొచ్చు. డొప్ప మీద ప్రతి పలకకీ పసుపు గీతలు నక్షత్రంలా విచ్చుకుని ఉంటాయి, ఒక పలక గీసి ఇంటికొచ్చి రెండోది గుర్తు తెచ్చుకుని గీయండి చూద్దాం. ఇంట్లో పెంచుకోవడం మాత్రం నేరం.

చలికాలం చివర బారువ, కళింగపట్నం వైపు తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రిపూట గుడ్లు పెట్టడానికి ఇసుకలోకి వస్తాయి. సుమారు 45 నుంచి 55 రోజులకి పిల్లలు బయటికొస్తాయి. ఇసుక వేడిగా ఉంటే ఎక్కువ ఆడవి, చల్లగా ఉంటే ఎక్కువ మగవి. అటవీశాఖ వాళ్లు పిల్లల్ని వదిలే రోజు తెలుసుకుని తెల్లారకముందే వెళ్లండి. ఫ్లాష్ ఆపెయ్యండి, టార్చి కూడా. పిల్లలు వెలుతురు ఉన్నవైపే నడుస్తాయి, సముద్రం కంటే మీ ఫోన్ ఎక్కువ వెలిగితే మీ కాళ్ల దగ్గరికే వచ్చేస్తాయి.