గ్లూటెన్ లేని డిన్నర్ రోల్స్: ముద్ద చేతికి అంటుకుంటే అంటుకోనివ్వండి

గ్లూటెన్ (గోధుమపిండి ముద్దను సాగేలా చేసే ప్రొటీన్) లేని రోల్స్, అంటే చిన్న గుండ్రటి బన్నులు, గట్టిగా రాళ్లలా వచ్చాయని ఎవరైనా వాపోతే నేను అడిగేది ఒక్కటే: "కలిపేటప్పుడు మళ్లీ పొడిపిండి చల్లారా?" కాసేపు నీళ్లు నమిలాక జవాబు వస్తుంది, "కొంచెమేలెండి, చేతికి మరీ అంటుకుంటుంటేనూ..." అని. కొంప ముంచేది ఆ కొంచెమే.

కావలసినవి (9 రోల్స్‌కి)

మెత్తటి బియ్యప్పిండి 120 గ్రాములు, టాపియోకా స్టార్చ్ (కర్రపెండలం నుంచి తీసే తెల్లటి పిండి) 110, జొన్నపిండి 90, ఇసబ్‌గోల్ పొట్టు 20, చక్కెర 20, ఉప్పు 6, ఈస్ట్ 7 గ్రాములు. తడి సరుకులో నీళ్లు 220 గ్రాములు, పాలు 120, గుడ్డు ఒకటి, మెత్తబడిన వెన్న 40 గ్రాములు, వెనిగర్ ఒక చెంచా. 20 సెంటీమీటర్ల చదరపు టిన్ను, గిన్నె, తూకం మిషను ఉంటే చాలు. కప్పులతో కొలుస్తానంటే నేను ఒప్పుకోను. ఒకే కప్పులో ఒకరు పిండిని వదులుగా పోస్తారు, ఇంకొకరు నొక్కి నింపుతారు. ఈ వంటలో ఆ తేడాకే రోల్ పాడవుతుంది. నీళ్లు కూడా తూకంతోనే.

బియ్యప్పిండి ఎండుదై ఉండాలి, వేళ్ల మధ్య రుద్దితే గరుకు తగలకూడదు. నానబెట్టి ఆడించిన తడిపిండి వాడితే పైన చెప్పిన నీళ్ల లెక్క అంతా తారుమారవుతుంది. ఇసబ్‌గోల్ కొనేటప్పుడు చక్కెర, రంగు, నారింజ వాసన కలిపిన డబ్బా తీసుకోవద్దు. ఉత్త పొట్టే కావాలి. పొడి చేసినది దొరికితే 17 గ్రాములు సరిపోతుంది, గడ్డకట్టడం కూడా త్వరగా జరుగుతుంది.

తినేవారికి సీలియాక్ జబ్బు (గ్లూటెన్ తింటే పేగులు దెబ్బతినే జబ్బు) ఉంటే మాత్రం ఇంకొంత జాగ్రత్త అవసరం. గోధుమలు ఆడే మరలోనే ఆడించిన బియ్యప్పిండి, జొన్నపిండి వాళ్లకు పనికిరావు. అంతర్జాతీయ ఆహార ప్రమాణాల ప్రకారం గ్లూటెన్ రహితం అనాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములు మించకూడదు. మరలో మిగిలిన గోధుమపిండి ఆ గీత దాటించడానికి ఎంతో అక్కర్లేదు. గోధుమపిండి జల్లించిన జల్లెడను, చపాతీ పీటను కూడా దూరంగా పెట్టండి.

మొదటి పనులు

గోరువెచ్చని పాలలో, అంటే 38–40 డిగ్రీల సెల్సియస్ దగ్గర, చక్కెర, ఈస్ట్ వేసి పది నిమిషాలు వదిలేయండి. నురగ రాకపోతే పారబోసి కొత్త ఈస్ట్ తెచ్చుకోండి. ఇన్‌స్టంట్ ఈస్ట్‌కి ఇది అక్కర్లేదంటారు. అయినా నేను మానను, చచ్చిన ఈస్ట్ సంగతి గంట తర్వాత కాక ఇప్పుడే తెలుస్తుంది కదా. ఇంకో గిన్నెలో మూడు పిండ్లూ ఉప్పూ కలిపి పెట్టుకోండి.

వేరే గిన్నెలో 220 గ్రాముల నీళ్లు తీసుకుని, ఒక చేత్తో గిలకొడుతూ ఇంకో చేత్తో ఇసబ్‌గోల్ చల్లండి. పొట్టు మీద నీళ్లు పోస్తే ఉండలు కట్టి ఇక విడవవు. ఎనిమిది నిమిషాల్లో అది గడ్డగా మారుతుంది. గిన్నె వంచినా జారకూడదు. కొన్ని రకాల పొట్టు కాల్చాక ఊదా రంగు తేలుతుంది. అది పొట్టు తీరు, రుచికి ఇబ్బందేమీ లేదు.

దీని బదులు జాంతన్ గమ్ (చిక్కదనం కోసం వంటల్లో వేసే జిగురు పొడి) వేయొచ్చు కదా అని అడుగుతారు. కేకుకి వేసుకోండి, కాదనను. రోల్స్‌కి వేస్తే మాత్రం ముద్ద కాక, గరిటెతో అచ్చులో పోసుకునే జారుడు పిండే మిగులుతుంది. చేత్తో గుండ్రంగా చేసి, పక్కపక్కన పేర్చి, వేడిగా తుంచుకునేదే డిన్నర్ రోల్. ఇసబ్‌గోల్ నీటిని పట్టి సాగే గుణం ఇస్తుంది, ఉబ్బే గాలిని కాస్త నిలుపుతుంది. పైగా పీచుపదార్థం. రెడీమేడ్ గ్లూటెన్ రహిత మిశ్రమాల జోలికి నేను వెళ్లను. వాటిలో చాలావాటికి గమ్ ముందే కలిపి ఉంటుంది, దాని మీద ఇసబ్‌గోల్ వేస్తే రోల్ రబ్బరులా సాగుతుంది.

అందరూ బోల్తా పడే చోటు

పిండి గిన్నెలో ఇసబ్‌గోల్ గడ్డ, ఈస్ట్ పాలు, గిలకొట్టిన గుడ్డు, వెనిగర్ వేసి చేత్తో కలపండి. గడ్డను వేళ్లతో చిదుముతూ ఐదారు నిమిషాలు కలిపితే గానీ అంతటా పరుచుకోదు. చివర్లో వెన్న. ఇప్పుడు చేతిలో ఉన్నది తడిబంకమట్టిలా కనిపిస్తుంది. వేళ్లకు, గిన్నెకు, గరిటెకు అంటుకుంటుంది. ఏదో తేడా చేశానన్న అనుమానం వస్తుంది, చెయ్యి దానంతటదే పిండి డబ్బా వైపు పోతుంది.

ఆగండి. డబ్బా మూత పెట్టేయండి.

గోధుమపిండి కలిపిన అలవాటే ఇక్కడ మోసం చేస్తుంది. గోధుమలోని గ్లైయాడిన్, గ్లూటెనిన్ అనే ప్రొటీన్లు నీటితో కలిసి, పిసికే కొద్దీ వలలా అల్లుకుంటాయి. అందుకే ఆ ముద్ద పిసికితే చేతికి అంటుకోవడం మానేస్తుంది. మన ముద్దలో ఆ ప్రొటీన్లే లేవు. గంటసేపు పిసికినా వల అల్లుకోదు, చెయ్యి నొప్పే మిగులుతుంది. అంటుకోవడం ఇక్కడ లోపం కాదు, ముద్దలో నీళ్లు సరిపడా ఉన్నాయన్న గుర్తు. ఆ నీళ్లు ఓవెన్ కోసం దాచుకున్నవి. వేడికి స్టార్చ్ రేణువులు నీళ్లు పీల్చి ఉబ్బితేనే లోపల మెత్తదనం వస్తుంది. పొడిపిండి చల్లితే ఉన్న నీళ్లను అది లాగేసుకుంటుంది. అప్పుడు రోల్ పైకి బాగానే కనిపించినా, తుంచితే పొడిపొడిగా రాలుతుంది. మర్నాటికి గోడకు మేకు కొట్టుకోవచ్చు. మొదట్లో నేనూ రెండు గుప్పిళ్లు వేసి, అలాంటివి ఒక పళ్లెం నిండా చేశాను.

మీరు చేయాల్సింది గిన్నె మీద మూత పెట్టి 20 నిమిషాలు వంటింట్లోంచి బయటికి వెళ్లడం. బియ్యప్పిండి నీటిని నెమ్మదిగా పీలుస్తుంది. తిరిగొచ్చేసరికి అదే ముద్ద ఇంకా జిగటగానే ఉంటుంది గానీ, గరిటెను ఒక్క లాగులో వదులుతుంది. తేడా చూపుకి తెలియకపోవచ్చు, ముట్టుకుంటే తెలుస్తుంది. ఇరవై నిమిషాలయ్యాక కూడా గిన్నె వంచితే జారిపోతోందా? తూకం ఎక్కడో తప్పింది. అప్పుడు కూడా పిండి వద్దు. ఇంకో 3 గ్రాముల ఇసబ్‌గోల్ చల్లి, బాగా కలిపి, మరో పది నిమిషాలు ఆగండి.

చేతులకు మాత్రం నూనె రాసుకోండి. బల్ల మీదా నూనే. ఈ వంటలో పొడిపిండి బల్ల మీదకి రాకూడదు.

చుట్టడం, పొంగించడం

ఒక్కొక్కటి 88–90 గ్రాములు తూచి, నూనె అరచేతుల మధ్య గుండ్రంగా చేయండి. పైన ఒక్క గీత కూడా మిగలకుండా నునుపు చేయాలి. గోధుమ ముద్దలో చిన్న పగుళ్లు పొంగేటప్పుడు సర్దుకుంటాయి, ఇందులో అలాగే ఉండి ఓవెన్లో పెద్దవవుతాయి. టిన్నులో కాగితం పరిచి మూడు వరసల్లో, ఒకదానికొకటి తగిలీ తగలనట్టు పేర్చండి. దూరంగా పెడితే పక్కలకు పాకుతాయి. దగ్గరగా ఉంటే ఒకదాన్నొకటి ఆనుకుని పైకి లేస్తాయి.

పొంగించడం ఒక్కసారే. అణిచి రెండోసారి పొంగించే పద్ధతి గోధుమకి. ఇక్కడ పోయిన గాలి మళ్లీ సరిగా రాదు. వెచ్చటి చోట 45 నుంచి 60 నిమిషాలు, మొదటి పరిమాణానికి ఒకటిన్నర రెట్లు అయ్యేదాకా. రెండింతలు కావాలని ఇంకో అరగంట ఆగితే ఓవెన్లో కుంగిపోతాయి.

కాల్చడం

ముందుగా 190 డిగ్రీలకు వేడెక్కిన ఓవెన్లో 30–35 నిమిషాలు. పైన వెన్న రాయండి చాలు, నువ్వులు గట్రా నాకిష్టం లేదు. రంగు చూసి తీసేయకండి, పైన ఎర్రబడినా లోపల పచ్చిగా ఉండొచ్చు. మధ్య రోల్‌లో థర్మామీటర్ గుచ్చితే 97 డిగ్రీలు చూపాలి. థర్మామీటర్ లేకపోతే, అయిపోయిందనిపించాక పైన ఫాయిల్ కప్పి ఇంకో ఐదు నిమిషాలు ఉంచండి.

పది నిమిషాలకు టిన్నులోంచి తీసి జాలీ మీద పెట్టండి. 40 నిమిషాలు ముట్టుకోవద్దు. ఆవిరి బయటికి పోకముందే తుంచితే లోపల జిగురుగా తగులుతుంది, ఉడకలేదని నన్ను తిట్టుకుంటారు. వేడిగా కావాలంటే చల్లారాక మళ్లీ వేడి చేసుకోండి.

మిగిలినవి ఫ్రిజ్‌లో పెట్టకండి. ఆ చల్లదనంలో స్టార్చ్ ఇంకా త్వరగా గట్టిపడుతుంది. అదే రోజు సంచిలో కట్టి ఫ్రీజర్‌లో వేయండి. తినే ముందు బయటపెట్టి, మంచు విడిచాక పైన కాస్త నీళ్లు చిలకరించి 150 డిగ్రీల ఓవెన్లో పది నిమిషాలు ఉంచితే మళ్లీ మెత్తబడతాయి.