తిరుపతి నుంచి సముద్రపు దొనల దాకా: ఎనిమోన్‌ను చూడటం ఎలా

సముద్రపు ఎనిమోన్‌ను మొదటిసారి చూడబోయేవారు ముందుగా ఒక సంగతి తెలుసుకోవాలి. పుస్తకాలలోని రంగుల బొమ్మల్లో విచ్చుకున్న పువ్వులా కనిపించే ఆ జంతువు, నీరు తీసిన రాతిమీద మనకు ఎదురైనప్పుడు జిగురు ముద్దలాగా, చాలాసార్లు ఇసుక అద్దిన ఉండలాగా ఉంటుంది. నేను తిరుపతిలో జంతుశాస్త్రం బోధించిన ఏళ్లలో ప్రయోగశాల బీరువాలోని ఫార్మలిన్ సీసాలో ఉన్న తెల్లని ముద్దనే విద్యార్థులకు చూపించేవాణ్ణి. ఆ సీసాను చూసి చక్కగా బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్న పిల్లలే, తరువాత విశాఖపట్నం తీరంలో ప్రాణమున్న ఎనిమోన్‌కు జానెడు దూరంలో నిలబడి “సార్, ఎక్కడుంది?” అని అడిగారు. సముద్రానికి దూరంగా పెరిగిన మనకు ఆ ప్రశ్న రావడం సహజం. దానికి జవాబు చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఎనిమోన్ మొక్క కాదు. పగడాలకూ జెల్లీ చేపలకూ దగ్గరి బంధువైన జంతువు. నిడేరియా వర్గంలో ఆంథోజోవా తరగతికి చెందిన ఈ జీవులలో ప్రపంచమంతటా వెయ్యికి పైగా జాతులున్నాయి. దాని శరీరాన్ని మెత్తటి సంచిగా ఊహించుకోవాలి: అడుగున రాతిని పట్టుకునే పాదచక్రం, పైన నోరు, నోటి చుట్టూ వరుసలు తీరిన వేళ్లలాంటి స్పర్శకాలు. ఎముక లేదు, మెదడు లేదు, రక్తం లేదు. ఆహారం లోపలికి పోయేదీ, జీర్ణం కాని వ్యర్థం బయటికి వచ్చేదీ ఆ ఒక్క నోటి గుండానే. ఇటువంటి సంచి నిటారుగా నిలబడగలగడానికి కారణం అది లోపల నింపుకున్న నీరు. నీళ్లు నిండిన తోలుతిత్తి బిర్రుగా నిలిచి, నీళ్లు పోగానే చతికిలబడినట్టే ఇదీను. నోటి అంచున ఉన్న సన్నని గాడిలోని శైలికలు, అంటే కంటికి ఆనని నూగు వెంట్రుకల వంటివి, నీటిని కొద్దికొద్దిగా లోపలికి తోసినప్పుడు శరీరం ఉబ్బి స్పర్శకాలు విచ్చుకుంటాయి. ఏదైనా తాకినప్పుడో, నీరు తీసినప్పుడో కండరాలు బిగించి ఆ నీటిని వదిలేసి, స్పర్శకాలను లోపలికి మడుచుకుంటుంది. ముడుచుకోవడానికి కొన్ని సెకన్లు చాలు, మళ్లీ విచ్చుకోవడానికి ఎన్నో నిమిషాలు కావాలి. ఈ ఒక్క తేడాను మనసులో పెట్టుకుంటే తీరంలో ఎలా మెలగాలో సగం తెలిసినట్టే.

మిగిలిన సగం స్పర్శకాలలో ఉంది. వాటి చర్మం నిండా దంశకణాలు ఉంటాయి. ఒక్కొక్క దంశకణంలో ఒక సూక్ష్మమైన గుళిక, ఆ గుళికలో చుట్ట చుట్టిన దారం. చిన్న రొయ్యో చేపపిల్లో తగిలిన వెంటనే, సెకనులో వెయ్యో వంతు గడవకముందే ఆ దారం బయటికి దూసుకువచ్చి విషం ఎక్కిస్తుంది. ఒకసారి పేలిన దంశకణం మళ్లీ పనికిరాదు. దాని స్థానంలో కొత్తది పుట్టాలి. అందుచేత మనం సరదాకు వేలితో తాకిన ప్రతిసారీ ఆ జీవి తన ఆయుధాలలో కొన్నింటిని ఊరకే పోగొట్టుకుంటుంది, తినవలసిన సమయాన్ని కూడా పోగొట్టుకుంటుంది. తాకవద్దని నేను పిల్లలకు పదే పదే చెప్పడానికి కారణం ఇది.

ఇక ప్రయాణం సంగతి. 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు సూళ్లూరుపేట, తడ, వాకాడు ప్రాంతాలు ఇందులో చేరడంతో మన జిల్లాకూ సముద్రతీరం వచ్చింది. అయితే అది ఇసుక తీరం. రాతిని పట్టుకుని బతికే ఎనిమోన్‌లను చూడాలంటే రాళ్లున్న ఒడ్డు కావాలి. తిరుపతిలో సాయంత్రమో రాత్రో రైలెక్కి మరునాటికి విశాఖపట్నంలో దిగితే, అక్కడి ఖోండలైట్ రాళ్ల తీరం ఇందుకు ఎంతో అనువుగా ఉంటుంది.

వెళ్లే రోజును సెలవులను బట్టి కాక తిథిని బట్టి నిర్ణయించుకోవాలి. ఇందుకు మన ఇంట్లో గోడకు వేలాడే పంచాంగమే మొదటి సాధనం. అమావాస్యకూ పౌర్ణమికీ సూర్యచంద్రుల ఆకర్షణ ఒకే వరుసలో కలిసి పనిచేయడం వల్ల పోటు బాగా పైకి వస్తుంది, పాటు బాగా కిందికి తీస్తుంది. ఆ తిథి మొదలు తరువాతి రెండు రోజుల వరకు ఈ తేడా ఎక్కువగా ఉంటుంది. అష్టమి ప్రాంతంలో వెళితే నీరు కొద్దిగానే తీస్తుంది కాబట్టి చూడవలసిన రాళ్లు మునిగే ఉంటాయి. బంగాళాఖాతపు తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు వస్తాయి. ఈ రోజు నీరు పూర్తిగా తీసిన సమయానికి రేపు దాదాపు 50 నిమిషాలు కలుపుకోవాలి. కచ్చితమైన గంటల కోసం సర్వే ఆఫ్ ఇండియా ప్రచురించే పోటుపాట్ల పట్టికలను చూడాలి. అలల ఎత్తు కోసం హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ ఇచ్చే సముద్ర స్థితి సూచనలను బయలుదేరే ముందు తప్పక చదవాలి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు తుపానుల కాలం కనుక ఆ నెలలను వదిలి, మాఘ ఫాల్గుణ మాసాలను ఎంచుకోవడం మేలు; సముద్రం నెమ్మదిగా ఉంటుంది, ఎండ కూడా ఇంకా ముదరదు.

వెంట తీసుకువెళ్లవలసినవి ఎక్కువ లేవు. అడుగు గట్టిగా పట్టే బూట్లు, టోపీ, తాగునీరు, పెన్సిలు, నోటుపుస్తకం, పదింతలు పెద్దదిగా చూపే చేతి లెన్సు చాలు. పెన్ను వద్దు, ఉప్పునీటి తుంపరలకు సిరా చెదిరిపోతుంది. అన్నిటికన్నా ఉపయోగపడేది అడుగు పారదర్శకంగా ఉన్న ప్లాస్టిక్ డబ్బా. దాని అడుగును నీటి ఉపరితలానికి ఆనించి లోపలి నుంచి చూస్తే ఎండ మెరుపూ నీటి కదలికా అడ్డురాక, స్పర్శకాల మీది చారలు కూడా స్పష్టంగా కనిపిస్తాయి.

పాటు పూర్తిగా తీయడానికి గంటన్నర ముందే తీరం చేరి, దిగే నీటి వెంట మనమూ దిగాలి. శేషాచలం కొండల్లో తిరిగినవారికి దొన అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. రాతి గుంటలో వాననీరు నిలిచి, వేసవిలోనూ జీవులకు ఆధారమయ్యే చోటు అది. సముద్రపు రాళ్లలోనూ అటువంటి దొనలే ఉంటాయి, కాకపోతే వాటిని నింపేది పోటు. (తిరుమల కొండల క్వార్ట్జైట్ బండల మీద కనిపించే అలల గుర్తులు, 150 కోట్ల సంవత్సరాలకు పూర్వం అవి లోతు తక్కువైన నీటి కింది ఇసుకగా ఉండేవని చెబుతాయి. ఆ సంగతి తెలిసినప్పటి నుంచి సముద్రపు దొన పక్కన కూర్చున్నప్పుడు నాకు పరాయి ఊరిలో ఉన్నట్టు అనిపించదు.) ముందుగా నీడ పడే పగుళ్లనూ, బండల కింది అంచులనూ, రాయి ఇసుకలో దిగే చోటునూ చూడాలి. నీటికి బయట ఉన్నవి ముడుచుకుని ఉంటాయి కాబట్టి వెతకవలసింది పువ్వును కాదు. నడుమ చిన్న నొక్కు ఉండి, ఒంటి మీద ఇసుక రేణువులూ చిప్పల ముక్కలూ గుండ్రంగా అంటుకున్న తడి ముద్దను. కొన్ని జాతులు శరీరం మీది జిగట బుడిపెలతో ఆ ముక్కలను కావాలనే అంటించుకుంటాయి. నడినెత్తిన ఎండ కాసే గంటలలో ఒంటి తడి ఆరిపోకుండా అవే వాటికి గొడుగు. ముద్ద ఒకటి దొరికిందంటే దాని చుట్టుపక్కల అడుగు పెట్టేముందు మరొకసారి చూసుకోవాలి, ఎందుకంటే అవి తరచుగా గుంపులుగా ఉంటాయి.

ఆ తరువాత, నీరు నిలిచిన ఒకే ఒక దొనను ఎంచుకుని దాని పక్కన కూర్చోవాలి. పది దొనలు తిరిగినవారికన్నా ఒక దొన దగ్గర గంటసేపు కూర్చున్నవారే ఎక్కువ చూస్తారన్నది నా అనుభవం. మన నీడ నీటి మీద పడకుండా, చేతులు నీటిలో పెట్టకుండా, అరగంటైనా కదలకుండా ఉండాలి. మన రాకకు ముడుచుకున్నది మెల్లగా విచ్చుకోవడం మొదలుపెడుతుంది: ముందు నడుమ నొక్కు వెడల్పవుతుంది, తరువాత స్పర్శకాల కొనలు బయటికి వస్తాయి, చివరకు నోటి చుట్టూ ఉన్న పళ్లెం పరుచుకుంటుంది. అప్పుడు ఏ చిన్న జీవైనా స్పర్శకానికి తగిలితే, పక్క స్పర్శకాలు కూడా దానివైపు వంగి, దాన్ని నోటివైపు నెడతాయి. మెదడు లేని జంతువులో ఈ పొందిక చూసినప్పుడు కలిగే ఆశ్చర్యం ఏ సీసా వల్లా కలగదు. అయితే ఆ దృశ్యం కోసం మనం తెచ్చుకున్న తిండిని నీటిలో వేయరాదు. మిగిలిన ముక్కలు కుళ్లి, చిన్న దొనలోని నీటిని పాడుచేస్తాయి.

గమనించినవి అక్కడికక్కడే రాసుకోవాలి. ఒకే రంగులో, ఒకే పరిమాణంలో ఒత్తుగా అంటుకుని ఉన్నవి కనిపిస్తే, అవి ఒకే జీవి నిలువునా చీలి ఇద్దరై, నలుగురై పెరిగిన సంతానం కావచ్చు. కొన్ని జాతులలో పాదచక్రం అంచు నుంచి తెగిన ముక్కలు కూడా పూర్తి ఎనిమోన్‌లుగా ఎదుగుతాయి. అండాలు, శుక్రకణాలు నీటిలో కలిసి పుట్టే ప్లానులా అనే పిల్లజీవి (డింభకం) మాత్రం కొంతకాలం తేలియాడి దూరపు రాతిని చేరుతుంది. అందుకే పక్కపక్కనే ఉన్న రెండు గుంపులు వేర్వేరు మూలాలవి అయ్యే వీలుంది. కొన్ని జాతులు అటువంటి పొరుగువారు తగిలితే స్పర్శకాల కింద ఉన్న ప్రత్యేకమైన బుడిపెలను ఉబ్బించి వారిని కుట్టి, సరిహద్దు నిలుపుకుంటాయి. ఎనిమోన్ కదలదని కొందరు అనుకుంటారు. అది పాదచక్రంతో జరగగలదు, కానీ మన కంటికి ఆనని వేగంతో. రాతికి అంటుకుని కదలకుండా ఉండే చిన్న గుల్లజీవులైన బార్నకిల్‌లను గుర్తులుగా పెట్టుకుని బొమ్మ గీసుకుంటేనే ఆ జరుగుబాటు తెలుస్తుంది.

ఎనిమోన్ చూడటానికి బయలుదేరిన పిల్లలు నారింజ రంగు మీద తెల్లని పట్టీలున్న క్లౌన్ చేపను కూడా ఆశిస్తారు. ఆ చేపలకు ఆశ్రయమిచ్చేవి వెయ్యికి పైగా జాతులలో సుమారు పదే. మన దేశంలో అండమాన్, లక్షద్వీప్, మన్నార్ సింధుశాఖలలోని పగడపు దిబ్బల దగ్గర అవి ఉంటాయి. విశాఖ దొనలలో వాటికోసం వెతకవద్దని ముందే చెప్పడం మంచిది.

రైలు ప్రయాణం వీలుకాని వారు వాకాడు మండలంలోని తూపిలిపాలెం వంటి మన జిల్లా తీరానికే వెళ్లి, జాలర్లు వలలు దులిపే చోట ఓపికగా చూడవచ్చు. సన్యాసి పీత నివసించే నత్తగుల్ల మీద ఎనిమోన్ అంటుకుని ఉండటం ఇంటర్మీడియెట్ పాఠంలో అందరూ చదివినదే. పీత వెంట తిరగడం వల్ల ఎనిమోన్‌కు కొత్త చోట్ల ఆహారం దొరుకుతుంది, ఎనిమోన్ దంశకణాల వల్ల పీతకు శత్రువుల బెడద తగ్గుతుంది. పీత పెద్దదై గుల్ల మార్చినప్పుడు, కొన్ని జాతులలో అది తన ఎనిమోన్‌ను నెమ్మదిగా ఊడదీసి కొత్త గుల్ల మీదికి చేర్చుకుంటుంది. వలలో అటువంటిది కనిపిస్తే జాలరి అనుమతితో తడి ఆరకముందే చూసి, మళ్లీ నీటిలో విడిచిపెట్టమని కోరాలి.

జాగ్రత్తల విషయంలో నేను ఎంతమాత్రం సడలింపు ఇవ్వను. సముద్రానికి వీపు పెట్టి కూర్చోరాదు. పచ్చని నాచు మీద అడుగు వేయరాదు. ఒంటరిగా వెళ్లరాదు. అందమైన గుల్లలను చేతితో ఏరరాదు, వాటిలో విషపు కోను నత్తలు ఉండవచ్చు. పొరపాటున ఎనిమోన్ కుట్టి మంట పుడితే ఆ చోటును సముద్రపు నీటితోనే కడగాలి. మంచినీరు పోసినా, రుద్దినా చర్మానికి అంటుకున్న మిగతా దంశకణాలు పేలే ప్రమాదం ఉంది. ముఖం వాచినా, ఊపిరి ఆడకపోయినా వెంటనే ఆసుపత్రికి చేరాలి. ఈ హెచ్చరిక వెనుక వైద్యశాస్త్ర చరిత్రే ఉంది. ఫ్రాన్సులో షార్ల్ రిషే, పాల్ పోర్టియే అనే శాస్త్రజ్ఞులు ఎనిమోన్ విషాన్ని కుక్కలకు ఎక్కించి, రెండవసారి ఇచ్చిన కొద్ది మోతాదే ప్రాణం తీయడం గమనించి, 1902లో ఆ తీవ్ర ప్రతిచర్యకు అనాఫిలాక్సిస్ అని పేరు పెట్టారు; 1913లో రిషేకు నోబెల్ బహుమతి దక్కింది. మొదటిసారి ఏమీ కాలేదని రెండవసారి ధైర్యం చేయరాదు.

ఒకటి ఇంటికి తెచ్చుకుందామన్న కోరిక చాలామందికి కలుగుతుంది. తేవద్దు. రాతి నుంచి పెకలించేటప్పుడే పాదచక్రం చిరుగుతుంది. సీసాలోని నీటిలో ప్రాణవాయువు తగ్గి, రైలు తిరుపతి చేరేలోపే అది చనిపోవచ్చు. చేరినా, లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలతో, నిలకడైన ఉష్ణోగ్రతతో నీటిని సిద్ధం చేసి రోజూ కాపాడటం మామూలు ఇళ్లలో అయ్యే పని కాదు. స్కాట్లండులో 1828లో జాన్ డాలియెల్ అనే ప్రకృతి పరిశోధకుడు తీరం నుంచి తెచ్చిన ఒక ఎనిమోన్, ఆయన మరణించిన తరువాత కూడా చేతులు మారుతూ 1887 వరకు జీవించింది; అందరూ దాన్ని గ్రానీ అని పిలిచేవారు. అంతటి ఆయుష్షు ఉండగల జీవిని రెండు రోజుల ముచ్చట కోసం చంపుకోవడం నాకు సమ్మతం కాదు.

పాటు ముగిసి నీరు తిరిగి పైకి రావడం మొదలైన వెంటనే లేవాలి. చూడటానికి ఎత్తిన రాళ్లను ఎలా ఉన్నవి అలాగే, అడుగు భాగం కిందికే ఉండేట్టు పెట్టాలి. వాటి కింద బతికే జీవులు ఎండ తగిలితే నిలవవు. దొన ఆనవాలు, తిథి, గంట, ఎనిమోన్‌ల సంఖ్య, ఒక్కొక్కటి ఉన్న చోటు నోటుపుస్తకంలో బొమ్మగా గీసుకుని, వచ్చే ఏడాది అదే మాసంలో అదే తిథికి అదే దొన దగ్గరకు వెళ్లి, బొమ్మను పక్కన పెట్టుకుని ఏవి ఉన్నచోటనే ఉన్నాయో సరిచూసుకోవాలి.